ఒక మాట చెప్పాలనే షరతు

యాడికిలో తాడిపత్రి రోడ్డు మీద మా ఎలక్ట్రికల్ షాపు. దాని పక్కనే నాగన్న మోటార్ రివైండింగ్ షెడ్డు. రెంటికీ మధ్య గోడ ఒకటే. ఆ గోడకు ఆనించి నా నిచ్చెన ఉంటుంది. నా నిచ్చెన అని పేరుకే అంటున్నాను గానీ అది నా దగ్గర ఉండే రోజులు తక్కువ. సున్నం వేసేవాళ్లు, పెళ్లికి సీరియల్ లైట్లు కట్టేవాళ్లు, ఎవరికి అవసరమైతే వాళ్లు వచ్చి "అన్నా, నిచ్చెన తీస్కపోతాండా" అని కేకేసి తీసుకుపోతారు. నేను సరే అనాల్సిన పని లేదు. నేను లేకపోతే నాగన్నకు చెప్పి తీసుకుపోతారు. ఎవరికీ చెప్పకుండా తీసుకుపోతే మాత్రం అది దొంగతనం. గడపారకైనా మందు కొట్టే స్ప్రేయర్‌కైనా మా వీధిలో ఇదే చట్టం.

నాగన్న నాకంటే కాస్త చిన్నవాడు. కూలి పనులు చేసుకునే ఇంట్లో పుట్టి, మీసాలు రాకముందే తాడిపత్రిలో ఒక రివైండింగ్ షాపులో చేరి, పని నేర్చుకుని వచ్చి సొంత ఊళ్లో షెడ్డు వేసుకున్నాడు. పని బాగానే చేస్తాడు. కానీ అతని అసలు వృత్తి మాట్లాడటం. మోటారు కాలి వచ్చిన రైతు అది బాగయ్యేదాకా షెడ్డులో బండ మీద కూర్చోవాల్సిందే. నాగన్న చేతులు రాగితీగ చుడుతుంటాయి, నోరు ఆ రైతు చేత అన్నీ చెప్పిస్తుంటుంది. బోరు ఎంత లోతు, చీనీచెట్లు కాపుకొచ్చాయా, కొడుకు కోడలు వేరు పడ్డారా, చివరికి రాజీ ఎవరు చేశారు. మా పక్క ఎండాకాలంలో బోర్లు అడుగంటడం, నీళ్లు లేని బోరులో తిరిగి తిరిగి మోటార్లు కాలిపోవడం మామూలే. అందుకని అతనికి మనుషుల కొరత ఎప్పుడూ రాలేదు.

ఆ కొరత తెచ్చిపెట్టింది సొంత కూతురే. కృపాకుమారి అనంతపురంలో డిప్లొమా చదివి, ఇక్కడి సబ్‌స్టేషన్లో కాంట్రాక్టు ఉద్యోగంలో చేరింది. ప్రోగ్రాములు రాయడం ఎవరూ నేర్పలేదు, వీడియోలు చూసి నేర్చుకుంది. పొలానికి కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు దానంతటదే తిరిగేలా రైతులు స్టార్టరు డబ్బాలో ఆటో స్విచ్చి పెట్టుకుంటారు. కరెంటు వచ్చింది సరే, బోరులో నీళ్లున్నాయో లేదో దానికేం తెలుసు. కృప నా షాపులోనే ఒక చిన్న సర్క్యూట్ బోర్డు కొని, దానికొక ప్రోగ్రామ్ రాసి డబ్బాలో బిగించింది. నీళ్లు అయిపోతే మోటారు లాక్కునే కరెంటు తగ్గుతుందట. అది కనిపెట్టి మోటారు ఆపేస్తుంది, నీళ్లు ఊరేదాకా ఆగి మళ్లీ వేస్తుంది, రైతు ఫోనుకు కబురు చెప్తుంది. ఆ వేసవిలో కాలిన మోటార్లు ఎంత తగ్గాయంటే, నాగన్న నా షాపు ముందుకొచ్చి కూర్చుని పోయేవాళ్లనూ వచ్చేవాళ్లనూ పలకరించడం మొదలుపెట్టాడు.

"ఏం పాపా, మీ నాయన కడుపు కొట్టే మిషను చేసినావా?" అని నేను వేళాకోళం చేశాను.

కృప నవ్వింది. నాగన్నే జవాబు చెప్పాడు. "కాలిన మోటారు బండిలో ఏసుకోని వచ్చే మనిషి మొగం నువ్వు చూడల్లేదు అన్నా. నేను చూసినా. పోనీలే, ఫ్యాన్లుండాయి, మిక్సీలుండాయి, అవి చుట్టుకుంటా."

నేను వ్యాపారస్తుణ్ణి. ధర లేని వస్తువును చూస్తే నాకు అనుమానం. ఆ ప్రోగ్రామ్‌ను డబ్బాలో పెట్టి సీలు వేసి నా షాపులో అమ్ముదామని చాలాసార్లు చెప్పాను. కృప వినలేదు. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా నా షాపుకొచ్చి, ప్రోగ్రామ్ మొత్తం ఇంటర్నెట్లో పెడుతున్నానని, ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చని చెప్పింది. అయితే ఆ వెబ్‌సైటు లైసెన్సు ఏదో ఎంచుకోమని అడుగుతోందట.

"ఊరికే ఇచ్చేదానికి లైసెన్సు ఎందుకు పాపా?" అన్నాను.

"ఊరికే ఇచ్చేదానికే కావాల పెద్దనాయనా. ఏమీ రాయకుండా పెడితే చట్టం ప్రకారం అది నాదొక్కదానిదే. చూడొచ్చు గానీ వాడుకోకూడదు, మార్చుకోకూడదు, ఇంగొకరికి ఇయ్యకూడదు. ఇవన్నీ చేసుకోండి అని ముందే రాసిచ్చేదే లైసెన్సు."

"మార్చుకోని వాళ్ల పేరు పెట్టుకుంటే?"

"దానికీ షరతు రాయొచ్చు. మార్చినోళ్లు ఇంగొకరికి ఇచ్చేటప్పుడు, ఆ మార్చిందాన్ని కూడా ఇట్లే విప్పి ఇయ్యాలని. తాళం ఏసి అమ్ముకోనీకి లేకుండా."

ఈ మాటతో సీలు డబ్బా మీద నా ఆశ పూర్తిగా పోయింది. అలాంటి లైసెన్సులు పెద్ద పెద్ద లాయర్లు రాసినవి తయారుగా ఉన్నాయట. పేజీలకు పేజీలు, అన్నీ ఇంగ్లీషు. పక్కన కూర్చుని అంతా విన్న నాగన్న, "అంత పొడుగు ఎందుకమ్మా, మనకు తెలిసిందే కదా, ఒక మాట చెప్పి తీస్కపొమ్మని రాయి" అన్నాడు. కృపకు కూడా అది న్యాయంగానే తోచింది. మేము పెరిగిన వీధి అది. తెలుగులో నాలుగే వాక్యాలు రాసింది. ఎవరైనా తీసుకోవచ్చు. మార్చుకోవచ్చు, ఇతరులకు ఇవ్వొచ్చు. మార్చినది కూడా అందరికీ ఇదే పద్ధతిలో ఇవ్వాలి. తీసుకునేటప్పుడు ఒక మాట చెప్పాలి. తెలుగు రానివాళ్ల కోసం కింద కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ అదే రాసింది. చెప్పడానికి ఒక ఫోన్ నంబరు కావాలి కదా. ఉద్యోగంలో ఉన్నప్పుడు తను ఫోను ఎత్తడం కుదరదని నాగన్న నంబరు పెట్టింది.

ఇక చూడండి. మొదట గుత్తి నుంచి ఒకరు, తర్వాత పుట్టపర్తి నుంచి, ఆ తర్వాత కర్ణాటక నుంచి, తమిళనాడు నుంచి. "సార్, మీ ప్రోగ్రామ్ తీసుకుంటున్నాం" అని చెప్పి పెట్టేద్దామనుకుంటారు పాపం. నాగన్న వదులుతాడా.

"సంతోషమప్పా. యా ఊరు? వాన పడిండాదా? బోరు ఎంత లోతు? భార్యాపిల్లలు బాగుండారా?"

భాష రానివాళ్లతో కూడా పావుగంటకు తక్కువ మాట్లాడేవాడు కాదు. కోలారు మనిషి ఎవరో ప్రోగ్రామ్‌లో ఏదో మార్చానని చెప్తే, ఏం మార్చాడో ముక్క అర్థం కాకపోయినా "మంచి పని చేసినావు" అని మెచ్చుకునేవాడు. గుత్తిలో ఒకరింట్లో పెళ్లి, తమిళనాడు తేని జిల్లాలో కొబ్బరి ధర, రాయచూరులో ఎవరికో మోకాలి నొప్పి, అన్నీ అతనికి తెలిసేవి, అతని ద్వారా నాకు తెలిసేవి. షెడ్డులో బండ ఖాళీగా ఉన్నా నాగన్న చుట్టూ మళ్లీ మనుషులు చేరారు. కుర్రవాడిలా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఫోను ముందు కూర్చునేవాడు. భార్య పెద్దక్క మాత్రం అన్నం గిన్నె పెట్టుకుని అరగంట నిలబడి, "ఆ పక్కోళ్లకైనా ఆకలి ఐతాదో లేదో అడుగు" అని విసుక్కునేది.

ఒకరోజు కృప నాతో ఒంటరిగా ఒక మాట చెప్పింది. ప్రోగ్రామ్ పెట్టిన చోట చాలామంది రాస్తున్నారట, ఆ నాలుగో వాక్యం తీసెయ్యమని. చెప్పాలని షరతు పెడితే అది పూర్తి స్వేచ్ఛ కాదట. ఆ నంబరు పనిచేయకపోతే ఏం చేయాలి, ఒకరి దగ్గర నుంచి ఇంకొకరు తీసుకుంటే ఎవరెవరు చెప్పాలి, పదేళ్ల తర్వాత ఎవరికి చెప్పాలి, ఇవన్నీ అడుగుతున్నారట.

"వాళ్లు చెప్పేది నిజమే పెద్దనాయనా. నాకు ఎప్పుడో అర్థమైంది" అంది.

"మరి తీసెయ్యి."

"తీసేస్తే నాయనకు ఫోన్లు రావు."

షెడ్డులోంచి నాగన్న గొంతు వినిపిస్తోంది. ఎవరితోనో టమోటా నారు గురించి గట్టిగా వాదిస్తున్నాడు. అతని కూతురు ఆ వాక్యం జోలికి పోకుండా అలాగే నెట్టుకొచ్చింది. నేనైనా అంతే చేసేవాణ్ణి.

మరుసటి ఏడాది మార్చిలో నాగన్నకు కంట్లో శుక్లం తీశారు. అనంతపురంలో ఆసుపత్రి. ఫోను చూడకూడదు, ఎక్కువ మాట్లాడకూడదు అని డాక్టరు గట్టిగా చెప్పాడు. మాట్లాడకూడదన్నది కంటికోసమా, వార్డులో మిగతావాళ్ల కోసమా నాకు తెలియదు. కృప ఫోను ఆపేసి సంచిలో పడేసింది. అక్కణ్ణుంచి బుక్కరాయసముద్రంలో బంధువుల ఇంట్లో కొన్నాళ్లు ఉండి, నాగన్న నల్లద్దాలు పెట్టుకుని ఊరికి వచ్చాడు.

వచ్చిన వారంలోనే బస్సు దిగి ఒకాయన షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు. పేరు తిమ్మప్ప. కర్ణాటకలో పావగడ పక్క పల్లెటూరు. అక్కడి రైతులు సొంతంగా పెట్టుకున్న చిన్న సంఘానికి ఆయన పెద్ద. ఆ పక్క సగం మంది తెలుగే మాట్లాడతారు కాబట్టి మాకు ఇబ్బంది లేకపోయింది. నాగన్న బండ మీద కూర్చోబెట్టి నీళ్లిచ్చాడు. నేను కూడా వెళ్లి కూర్చున్నాను.

"మీ ప్రోగ్రామ్ తీసుకుంటామని చెప్పనీకి వచ్చినానప్పా" అన్నాడు తిమ్మప్ప.

"దానికోసం అంత దూరం నుంచి బస్సులో వచ్చినావా? ఫోన్ చేస్తే ఐపోయేది కదన్నా."

"చేస్తానే ఉండాను. స్విచాఫ్ అనే వస్తాండె. బోర్డులు తెచ్చిపెట్టుకున్నాం, మా పిల్లోళ్లు ప్రోగ్రామ్ ఎక్కించేది నేర్చుకున్నారు. అంతా తయారు. ఒక మాట చెప్పాలని రాసిండారు కదా. చెప్పకుండా ఎట్ల బిగిస్తాం? అందుకని అందరినీ ఆపినా."

నాగన్న నవ్వుతూనే, "ఆపేదెందుకు, బిగించేసి తర్వాత చెప్పొచ్చు కదా" అన్నాడు.

"అట్ల తప్పు కదప్పా" అన్నాడు తిమ్మప్ప. అంతటితో ఆగిపోతే బాగుండేది. ఆయన మామూలుగానే, ఊరి కబురు చెప్పినట్టుగా తర్వాతది కూడా చెప్పాడు. "ఒకామెది మాత్రం కాలిపాయ. మొగుడు లేని మనిషి. టమోటా పెట్టిండె. ఆమె బోర్డు నా ఇంట్లోనే ఉండె. మోటారు పైకి తీసి బాగుచేసుకోని మళ్లా దించేలోపల తోటంతా వాడిపాయ. ఏం చేస్తాం, ఆమె నసీబు."

నాగన్న మాట్లాడలేదు. అతను మాట్లాడకుండా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. తిమ్మప్ప తప్పు పట్టడానికి రాలేదు, అందుకే అది ఇంకా గట్టిగా తగిలింది. కోప్పడి ఉంటే నాగన్న ఏదో ఒకటి అనేవాడు, నేను మధ్యలో దూరి సర్దిచెప్పేవాణ్ణి. భోజనం పెట్టి, బస్సెక్కించి, చేయి ఊపి వచ్చాక నాగన్న మళ్లీ బండ మీద కూర్చుని అలాగే ఉండిపోయాడు.

సాయంత్రం కృప రాగానే, "ఆ నాలుగో మాట తీసెయ్యమ్మా" అన్నాడు.

కృప నా వైపు చూసింది. నేను చెప్పానేమో అని. నేను తల అడ్డంగా ఊపాను.

"తీసేస్తే నీకు ఎవురూ ఫోన్ చెయ్యరు నాయనా" అంది.

"తెలుసు. నిచ్చెన ఐతే ఒకటే ఉంటాది. ఎవురు తీస్కపోయింది తెలీకపోతే ఇంగొకడు వెతుక్కుంటాడు. అందుకే చెప్పాల. నీది అట్ల కాదు కదా. ఎంతమంది తీస్కపోయినా ఆడనే ఉంటాది. మరి ఎందుకు చెప్పాల? నాకు పొద్దుపోయేదానికి. నాకు పొద్దుపోయేదానికి ఒకామె తోట ఎండిపాయ."

కృపకు కళ్లనీళ్లు వచ్చాయి. నాకూ వచ్చాయి గానీ నాకు దుమ్ము ఎలర్జీ ఉందని వీధిలో అందరికీ తెలుసు.

కృప తను రాసుకున్న నాలుగు వాక్యాలూ తీసేసి, లాయర్లు రాసిన పొడుగు లైసెన్సు ఒకటి పెట్టింది. వాడుకో, మార్చుకో, పంచు, మార్చినది ఇచ్చేటప్పుడు విప్పి ఇవ్వు. ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరికీ చెప్పక్కర్లేదు. తిమ్మప్పకు తనే ఫోన్ చేసి ఈ సంగతి చెప్పింది.

ఫోన్లు ఒక్కసారిగా ఏమీ ఆగలేదు. పాత అలవాటు కొద్దీ కొందరు చేశారు. తర్వాత పలచబడ్డాయి, తర్వాత లేవు. నాగన్న గడ్డం పెంచాడు. ఇస్త్రీ చొక్కా ఆదివారానికి మాత్రమే బయటికి వచ్చేది. అడిగితే బాగానే ఉన్నాను అంటాడు. ఫోన్ కంపెనీ నుంచి ఒకమ్మాయి ఏదో ఆఫర్ గురించి ఫోన్ చేస్తే ఆ అమ్మాయిని కూడా వానల గురించి అడిగాడని పెద్దక్క చెప్పింది. ఆమె ఆ మాట వేళాకోళంగా చెప్పలేదు. నాకు అతన్ని చూస్తే దిగులు, ఆ తీసుకునేవాళ్లను తలుచుకుంటే ఒళ్లుమంట. అంత మంది తీసుకుంటున్నారు, ఒక్కడికైనా పలకరించాలని ఉండదా.

వానాకాలం వచ్చినా వానలు రాలేదు. మా వియ్యంకుల ఊరు పావగడ దాటాక ఉంటుంది. అక్కడ గృహప్రవేశం. బలవంతంగా నాగన్నను కారులో ఎక్కించుకుని బయల్దేరాను. పావగడ ఇంకా రాలేదనగా ఇంజను వేడెక్కింది. రోడ్డు పక్కన చేమంతి తోట కనిపిస్తే నీళ్లకోసం వెళ్లాం. నడివయసు ఆమె ఒకతె పూలు కోస్తోంది. బిందె చూపించి పట్టుకోమంది. నీళ్లు సన్నబడి, పైపు గాలి కక్కడం మొదలుపెట్టింది. నాగన్న చెవి అప్పుడే అటు తిరిగింది. ఆ చప్పుడు అతనికి తెలియందా. ఇంతలో మోటారు దానంతటదే ఆగిపోయింది. ఆమె కొంగులో ఉన్న ఫోను, బోరులో నీళ్లు లేవు, మోటారు ఆపాను, కాసేపాగి వేస్తాను అని కన్నడంలో చెప్పింది.

మా ఊళ్లో డబ్బాలన్నీ కృప గొంతుతో మాట్లాడతాయి. ప్రోగ్రామ్ రాసేటప్పుడు ఆ పిల్లే రికార్డు చేసి పెట్టింది. ఇది ఇంకెవరిదో గొంతు.

"ఎవురు మాట్లాడిందక్కా అది?" అని అడిగాడు నాగన్న.

"మా కోడలు" అందామె. మేము తెలుగువాళ్లమని కనిపెట్టి తెలుగులోకి మారింది. "ముందు తెలుగులో చెప్తాండె. మా కోడలికి తెలుగు రాదు. అందుకని అదే కూచోని మార్చి, దాని గొంతు పెట్టింది. ఇప్పుడు మా ఊర్లో అందరికీ దాని గొంతే."

"ఎవురిచ్చినారు మీకు?"

"పక్క తోటోళ్లు."

"వాళ్లకు?"

"ఏమో. ఎవురో ఇచ్చింటారు. ఇది అందరిదీనంట. ఎవురినీ అడిగే పని లేదంట."

నా నాలుక చివరిదాకా వచ్చింది. ఈయన కూతురే రాసింది తల్లీ, ఈయన పక్కనే నిలబడ్డావు, ఒక నమస్కారమైనా పెట్టు అని. నోరు తెరిచాను కూడా. నాగన్న నా మోచెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కాడు. అతని ముఖం చూశాను. మోటారు ఆగిన చోటుకే చూస్తున్నాడు. కాలని మోటారు అది. నాకు కడుపు మండుతోంది, అతనికి సంతోషంగా ఉంది. సంతోషమంటే నవ్వు కాదు. పంట చూసుకునే మనిషి ముఖం ఎట్లుంటుందో అట్లుంది.

మా ఇద్దరి ముఖాలూ చూసి ఆమె జాలిపడింది. మాకు ఆ సంగతులు తెలియవనుకుంది.

"మీకు బోర్లుండాయా అన్నా? కావాలంటే మీ ఫోన్‌కు పంపిస్తా, పెట్టుకోండి. దుడ్లేం ఇచ్చే పని లేదు. భయపడేదేం లేదు."

నాగన్న జేబులోంచి ఫోను తీసి ఆమెకు ఇచ్చాడు. ఆమె పూలబుట్ట పక్కన పెట్టి, చేతులు కొంగుకు తుడుచుకుని, ఏది ఎక్కడ నొక్కాలో ఓపికగా చెప్తూ ఎక్కించింది. అతను మొదటిసారి చూస్తున్నట్టుగా తలూపుతూ అన్నీ విన్నాడు.

"కన్నడం అర్థం కాకపోతే మార్చుకోవచ్చు అన్నా. మీ ఇంట్లోవాళ్ల గొంతే పెట్టుకోండి. చదువుకున్నోళ్లు ఎవురైనా ఉండారా ఇంట్లో?" అని అడిగింది.

"నా కూతురుండాదిలే అక్కా" అన్నాడు నాగన్న. "దాన్ని అడుగుతా. అది బాగా చెప్తాది."